నత్తమ్మ ఇంటర్వ్యూలు

ఆ ఇంట్లో అత్తమ్మ ఒకరు, నత్తమ్మ ఒకరు. అత్తమ్మ అంటే అత్తగారే. నత్తమ్మ కోడలు. యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగంలో నత్తల మీద పరిశోధన చేస్తుంది కాబట్టి పెళ్ళైన కొత్తలో మొగుడు సరదాకి పెట్టిన పేరది. అది మెల్లగా మేడ మెట్లు దిగి వీధిలోకి పాకింది. పార్సిల్ తెచ్చినతను కింద నుంచి "నత్తమ్మగారూ!" అని కేకేస్తే, మొదటి అక్షరం సరిగ్గా వినపడక అత్తమ్మ తనకే అనుకుని దిగిపోయేది. తీరా విప్పితే గాజు పలకలో, రబ్బరు గొట్టాలో ఉండేవి. "నాకెవరు పంపుతార్లే" అంటూ వాటిని తెచ్చి కోడలి బల్ల మీద పెట్టేది.

అత్తమ్మ బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. కిక్కిరిసిన బస్సులో ఈ చివర నుంచి ఆ చివరికి వినపడాల్సిన గొంతు, ఇంట్లో కూడా అలాగే ఉండిపోయింది. పోస్ట్‌డాక్ అంటే ఏమిటని ఇరుగుపొరుగు అడిగితే కోడలు చెప్పే జవాబు ఎవరికీ బుర్రకెక్కేది కాదు. అత్తమ్మ చెబితే చప్పున ఎక్కేది.

"డాక్టరేట్ అయిపోయింది. అంటే బస్సెక్కింది. పర్మనెంటు ఉద్యోగం రాలేదు. అంటే సీటు దొరకలేదు. పైన కడ్డీ పట్టుకుని నిలబడి ప్రయాణం చేస్తోంది. అంతే!"

నత్తమ్మ అలా నిలబడే చాలా దూరం వచ్చింది. ఒకసారి ఏడాదికి తీసుకున్నారు, ఒకసారి రెండేళ్ళకి. మధ్యలో కొన్ని నెలలు ఏమీ లేకుండా గడిచాయి. నలభై దగ్గర పడ్డాయి. తనతో చదువుకున్నవాళ్ళలో కొందరు ప్రొఫెసర్లయ్యారు, కొందరు ఈ గోల మనకెందుకని బ్యాంకుల్లో చేరిపోయారు. ఆమె మాత్రం విభాగం భవనంలో నేల కింది గదిలో, ప్లాస్టిక్ తొట్లలో నత్తల్ని పెంచుకుంటూ ఉండిపోయింది.

ఆ గదికి ఒక్కటే కిటికీ, అదీ పైకప్పుకి ఆనుకుని. బయట నడిచే వాళ్ళ చెప్పులు తప్ప ఏమీ కనపడవు. గోడ పొడుగునా ఇనప అరలు, అరల మీద తొట్లు, తొట్ల మీద సన్న జాలీ మూతలు. రాగానే క్యాబేజీ ఆకులు కడిగి వేయడం, కుళ్ళినవి ఏరిపారేయడం, పెంకు గట్టిపడేందుకు గుడ్డు పెంకుల పొడి చల్లడం, పిచికారీతో గది తడపడం. ఒక తొట్టి మాత్రం కావాలనే తడపదు. ఆమె పరిశోధనంతా ఆ తొట్టిలోనే ఉంది. తడి ఆరిపోతే నత్త తన పెంకు గుమ్మానికి బంకతో ఒక పొర కట్టుకుని, గోడకి అతుక్కుని నిద్రపోతుంది. అప్పుడు దాన్ని లాగితే పెంకైనా పగులుతుంది గానీ పట్టు వదలదు. అదే నీళ్ళలో నానిందంటే, ఏమీ ఎరగనట్టు తనంత తాను ఊడి, కొమ్ములు చాచి నడుస్తుంది. అంత గట్టి పట్టు, అంత తేలిగ్గా ఎలా వదులుతుంది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ఆమె ఇన్నేళ్ళు గడిపింది.

ఒకరోజు పొద్దున ఆమె గురువుగారు మెట్లు దిగి వచ్చారు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆయన అక్కడికి రావడం మానేసి చాలా కాలమైంది. అందుకే చూడగానే ఆమె చేతిలోని పిచికారీ పక్కన పెట్టేసింది.

"ఏం లేదమ్మా," అన్నారాయన స్టూలు మీద కూర్చుంటూ. "నేను రిటైరవుతున్నాను కదా. నాతో పాటే మన ప్రాజెక్టూ ముగుస్తుంది. ఈ గది కూడా ఎవరికో ఇస్తామంటున్నారు."

"ఎప్పటికి ఖాళీ చేయాలి సార్?"

"ఈ టర్ము అయ్యేలోపు." ఆయన తొట్ల వంక చూశారు. "నేను ఇంకొంచెం ముందే నీకేదైనా చూడాల్సింది. ఇదిగో, యూనివర్సిటీ కొత్తగా పోస్ట్‌డాక్ ఉద్యోగాలు ప్రకటించింది. అన్ని విభాగాల్లోనూ ఉన్నాయట. ఏదీ వదలకు. అన్నిటికీ దరఖాస్తు పెట్టు."

ఆ మధ్యాహ్నం ఆ ప్రకటన కోసం భవనమంతా కంప్యూటర్ల ముందు చేరింది. నత్తమ్మ పక్కన కూర్చున్నది చేపల పిల్ల. అది కూడా మారుపేరే. చేపల మీద డాక్టరేట్ ఈ మధ్యే పూర్తి చేసిన జూనియర్. మొదటి ఏడాదిలో సూక్ష్మదర్శిని పట్టుకోవడం దగ్గర్నుంచి ఆమెకి నేర్పింది నత్తమ్మే. ఇద్దరూ తెర మీద పేజీ జరుపుతూ పోయారు. చరిత్రకి ఉంది, భౌతికశాస్త్రానికి ఉంది, చట్టానికి ఉంది, సంగీతానికి కూడా ఉంది. జంతుశాస్త్రానికి ఒకే ఒక్కటి ఉంది. చేపల మీద.

"అక్కా, మీరూ పెట్టండి," అంది చేపల పిల్ల, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

"పెడతాలే. నువ్వు మాత్రం మానకు."

పెట్టింది. దానికే కాదు, కాస్త దగ్గరగా కనపడిన ప్రతిదానికీ పెట్టింది. పర్యావరణం వాళ్ళకి నత్తల్ని చూసి వాన రాకడ చెప్పవచ్చని రాసింది. ఆహార శాస్త్రం వాళ్ళకి రాస్తూ, నత్త మాంసంలో పోషకాలు మెండు అనే వాక్యం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి తొట్ల వైపు చూసి, దొంగతనం చేసినట్టు సిగ్గుపడింది. రాసింది చెరిపేసి, మళ్ళీ రాసి పంపించింది. వాళ్ళ దగ్గర్నుంచి ఎలాగూ పిలుపు రాలేదు. "హమ్మయ్య" అనుకుంది. చేపల ఉద్యోగానికి మాత్రం ఇంటర్వ్యూకి పిలిచారు. అప్పట్నుంచి నత్తమ్మ చేపల పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అత్తమ్మ చెయ్యి తలుపు గడియకి గీసుకుంది. చిన్న దెబ్బే. వీధి చివర క్లినిక్‌లో మందు రాసి అంటుకునే పట్టీ వేశారు. కానీ అత్తమ్మ చర్మం వయసుతో ఉల్లిపొరలా అయిపోయింది. అక్కడే పట్టీ మార్చబోతే దానితో పాటు చర్మమూ లేచి వచ్చింది. అసలు దెబ్బ కంటే పట్టీ పీకిన గాయం పెద్దదైంది. ఆ తర్వాత క్లినిక్ పేరెత్తితే అత్తమ్మ కయ్యిమనేది. ఇక ఆ పని కోడలి మీద పడింది.

ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర అత్తమ్మ చెయ్యి ఒక తువ్వాలు మీద పెట్టించి, గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి, పట్టీ అంచుల్ని నానబెడుతోంది నత్తమ్మ. ఒక అంచు వదిలితే కాస్త ఎత్తడం, మళ్ళీ తడపడం.

"ఎంతసేపమ్మాయ్? ఈపాటికి మా బస్సు డిపోకి చేరిపోయేది."

"కదలకండి అత్తమ్మా. లాగితే మళ్ళీ ఊడొస్తుంది."

"మరి ఊడేటప్పుడు ఏడిపించే బంక ఎందుకు పూస్తార్రా వీళ్ళు? నీళ్ళు తగలగానే మర్యాదగా దిగిపోయేది కనిపెట్టలేరూ?"

నత్తమ్మ చెయ్యి ఆగిపోయింది. దూదిలోంచి నీళ్ళు బొట్లుబొట్లుగా తువ్వాలు మీద పడుతున్నాయి. ఆ ప్రకటనలో వైద్య కళాశాల కింద ఒక ఉద్యోగం చూసినట్టు గుర్తు. వృద్ధుల గాయాలు, కట్లు, చర్మం... అది మనకి కాదులే అని పేజీ జరిపేసింది. పట్టీ పూర్తిగా తీసి, కొత్త గుడ్డ కట్టి, చేతులు కడుక్కుని వెళ్ళి చూసింది. ఉంది. పట్టీలు తీసేటప్పుడు పలచని చర్మం చిరగకుండా చేసే మార్గాల మీద పరిశోధన. ఏ శాస్త్రం వాళ్ళైనా పెట్టుకోవచ్చు. దీని గడువు మాత్రం ఇంకా ముగియలేదు.

మర్నాడు ఆ విభాగానికి ఫోన్ చేసింది. ఆ పరిశోధన నడిపే గాయాల డాక్టరమ్మే ఎత్తింది.

"మేడమ్, నేను జంతుశాస్త్రం. నత్తల మీద చేశాను. ఆ ఉద్యోగానికి నాలాంటి వాళ్ళు..."

"నత్తలా?"

"అవునండీ."

అటువైపు ఎవరో ఆవిడని పిలుస్తున్నారు. "నేను వార్డు రౌండ్లకి వెళ్ళాలమ్మా. రాసి పంపించండి, చూస్తాం," అని పెట్టేసింది.

ఈసారి రాయడానికి నత్తమ్మ దేన్నీ మెలితిప్పాల్సిన పని పడలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే సరిపోయింది. పంపించాక ఆమెకి అదే వింతగా అనిపించింది.

ముందు చేపల ఇంటర్వ్యూ వచ్చింది. వరండాలో బెంచీ మీద ఆమె, చేపల పిల్ల పక్కపక్కనే కూర్చున్నారు. చేపల పిల్ల అరచేతులకి చెమటలు. నత్తమ్మ తన చేతిరుమాలు ఇచ్చింది. ముందు నత్తమ్మనే పిలిచారు.

లోపల ముగ్గురున్నారు. మొదటి ప్రశ్నలకి నత్తమ్మ బట్టీ పట్టినదంతా గడగడా ఒప్పజెప్పింది. వాళ్ళు తలలూపారు. అప్పుడు చివర కూర్చున్న పెద్దావిడ కళ్ళద్దాలు తీసి, మామూలుగానే అడిగింది. "మీ కాగితాలు చూశాను. ఇన్నేళ్ళు నత్తల మీద అంత మంచి పని చేశారు. ఉన్నట్టుండి చేపలంటే ఆసక్తి ఎందుకు కలిగింది?"

దీనికి కూడా జవాబు సిద్ధంగానే ఉంది. ఇంట్లో అద్దం ముందు నిలబడి చెప్పి చూసుకుంది కూడా. కానీ ఆవిడ అడిగిన తీరుకో ఏమో, అది నోట్లోంచి రాలేదు.

"ఆసక్తి లేదు మేడమ్," అంది. "ఉద్యోగం కావాలి."

ముగ్గురూ తలలెత్తారు. ఎలాగూ అనేశాను కదా, ఇక దాచేదేముంది అనిపించింది నత్తమ్మకి. "మీరు అడిగిన పని నేను చేయగలను. నేర్చుకుంటూ చేస్తాను. కానీ బయట బెంచీ మీద ఒకమ్మాయి ఉంది. ఆ అమ్మాయికి చేపలంటే ప్రాణం. నేను కాదు, ఆమె చేయాల్సిన పని ఇది."

పెద్దావిడ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, చిన్నగా నవ్వి, థాంక్స్ చెప్పింది.

బయటికి రాగానే చేపల పిల్ల లేచి నిలబడింది. "ఏం అడిగారక్కా? కష్టంగా ఉందా?"

"లేదు, మంచివాళ్ళే. వెళ్ళు." అంతకు మించి చెప్పలేదు. తిన్నగా తన గదికి పోయి, తలుపేసుకుని, తొట్లు కడిగే సింకు దగ్గర కాసేపు ఏడ్చింది. అబద్ధం చెప్పనందుకు ఒళ్ళు తేలికైన మాట నిజమే. చేతికి అందేలా ఉన్న దారిని మూసేసుకున్నాననే బెంగ కూడా అంతే నిజం.

సాయంత్రం మొగుడికి చెప్పింది. అతను లిఫ్టు మెకానిక్. మాట్లాడే ముందు కాస్త ఆలోచించే రకం. ఆ రోజు ఎక్కువసేపే ఆలోచించాడు.

"లిఫ్టులో నిలబడి దాని తాడు నువ్వే కోసుకున్నావు," అన్నాడు చివరికి.

"తెలుసు."

"ఇంకెవరైనా అలా అంటారా అని?"

"ఇంక ఊరుకోరా!" అంది లోపలి గదిలోంచి అత్తమ్మ. వీధి మొత్తం ఊరుకుంది. "అనేసింది, అయిపోయింది. ఆ గాయాల వాళ్ళు పిలిచారుగా? ఎల్లుండేగా? దాని సంగతి చూడండి."

వైద్య కళాశాల ఇంటర్వ్యూకి నత్తమ్మ ఒక అట్టపెట్టెలో గాజు పలక పట్టుకెళ్ళింది. పలక మీద ఒక నత్త, గట్టిగా అతుక్కుని నిద్రలో. ఇక్కడా ముగ్గురే. గాయాల డాక్టరమ్మ, ఒక రసాయన శాస్త్రవేత్త, మధ్యలో కాలేజీ పెద్ద. ఆయన పదే పదే గోడ గడియారం వైపు చూస్తున్నాడు.

డాక్టరమ్మ మొదటే అడిగింది. "గాయం ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా?"

"మా అత్తమ్మది చూస్తూనే ఉన్నాను మేడమ్. పట్టీ తీయడం నా పనే." ఎలా తీస్తుందో, ఎంతసేపు పడుతుందో, చర్మం ఎక్కడ లేచిందో చెప్పింది. డాక్టరమ్మ రాసుకోవడం మానేసి విన్నది.

తర్వాత నత్తమ్మ పలక తీసి బల్ల మీద పెట్టింది. లాగి చూడమంది. రసాయన శాస్త్రవేత్త లాగాడు. పలకే లేచి వచ్చింది గానీ నత్త ఊడలేదు. "ఇప్పుడు చూడండి" అని ఆమె దాని మీద నీళ్ళు పోసింది.

అందరూ ముందుకి వంగారు. ఏమీ జరగలేదు. ఇంకాసిని నీళ్ళు పోసింది. ఏమీ జరగలేదు.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాడు కాలేజీ పెద్ద.

"చెప్పలేమండీ... నత్త కదా. కాస్త ఓపిక పట్టాలి."

రసాయన శాస్త్రవేత్తకి నవ్వాగలేదు, దగ్గులోకి మార్చుకున్నాడు. ఈలోగా తర్వాతి అభ్యర్థి తలుపు దగ్గరికి వచ్చేశాడు. కాలేజీ పెద్ద "సరేనమ్మా, మేం తెలియజేస్తాం" అనేశాడు. చెవులు మండిపోతుంటే నత్తమ్మ సంచీ భుజానికి తగిలించుకుని బయటపడింది. ఇంటికి చేరాక గానీ పలకా నత్తా అక్కడే వదిలేసి వచ్చానని తెలియలేదు.

ఆ సాయంత్రం అందరూ భోజనానికి కూర్చుంటుండగా ఫోన్ మోగింది. డాక్టరమ్మ.

"చెప్పండి మేడమ్," అంది నత్తమ్మ.

"అమ్మా, మీ నత్త నా ఫైళ్ళ మీద నడుస్తోంది. నేను ఇంటికెళ్ళాలి. దీన్నేం చేయమంటారు?"

నత్తమ్మ మొహం చూసి మొగుడు కంచం పక్కన పెట్టేశాడు. ఆమె అతనికి చెయ్యి అడ్డంగా ఊపి, నత్తని ఒక గిన్నెలో వేసి పైన తడిగుడ్డ కప్పమని డాక్టరమ్మకి చెప్పింది. ఫోన్ పెట్టాక విషయం విని అత్తమ్మ పడీ పడీ నవ్వింది. నత్తమ్మకి మాత్రం ముద్ద దిగలేదు.

పొద్దున్నే వెళ్ళేసరికి డాక్టరమ్మ తన గదిలో ఉంది. ఎదురుగా గిన్నె, పక్కన గాజు పలక. పలకని వెలుగులోకి ఎత్తి చూపించింది.

"మీరు వెళ్ళిన కాసేపటికి లేచింది. నేనొక్కదాన్నే చూశాను. పలక మీద పట్టు గుర్తు కూడా లేదు, చూడండి." తర్వాత మొహంలో నవ్వు లేకుండా అడిగింది. "కానీ నా రోగులకి చెమట పడుతుంది. గాయంలోంచి నీరు వస్తుంది. అప్పుడు మీ బంకతో వేసిన కట్టు దానంతటది జారిపోదా?"

"చిన్న తడికి నత్త లేవదు మేడమ్. బాగా నానితేనే లేస్తుంది. ఎంత తడికి వదులుతుందో కొలిచాను. కానీ మనిషి చర్మం మీద ఎలా ఉంటుందో నాకు తెలియదు. చేసి చూడాలి."

"ఎన్నాళ్ళలో అవుతుందనుకుంటున్నారు?"

"అసలు అవుతుందో లేదో కూడా చెప్పలేను."

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "నిన్న వచ్చినవాళ్ళంతా ఏడాదిలో పట్టీ చేతిలో పెడతామన్నారు," అంది. గిన్నె మీద తడిగుడ్డ సర్ది ఇచ్చింది. నత్తమ్మ గిన్నె పట్టుకుని వచ్చేసింది.

ఆ తర్వాత ఏ కబురూ లేదు. గది ఖాళీ చేయాల్సిన వారం వచ్చేసింది. చేపల ఉద్యోగం ఫలితం ముందు తెలిసింది. చేపల పిల్ల మెట్లు రెండేసి దిగి పరుగెత్తుకొచ్చి ఆమెని వాటేసుకుని ఏడ్చేసింది. నత్తమ్మ ఆమె వీపు నిమిరింది. సంతోషమే, మనస్ఫూర్తిగా సంతోషమే. ఆ పిల్ల వెళ్ళాక మాత్రం గది ఇంకాస్త చిన్నదైనట్టు అనిపించింది.

గురువుగారు వచ్చి పుస్తకాలు సర్దించుకుని వెళ్ళారు. అరలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. సగం తొట్లు కడిగి బోర్లించింది. నత్తల్ని ఏం చేయాలో తేలలేదు. మోచేతుల దాకా సబ్బు నురగతో ఉన్నప్పుడు బల్ల మీద ఫోన్ మోగింది. తడి వేలితో తెర మీద జరిపితే కదలదు. చీరకి తుడుచుకుని జరిపింది, అయినా కదలదు. ఈలోగా మోత ఆగిపోయింది. తిరిగి చేస్తే ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్. నేల కింది గదిలో సిగ్నల్ కూడా అంతంతమాత్రం. మెట్లెక్కి భవనం బయటికి పరుగెత్తింది. అక్కడ నిలబడి ఇంకోసారి చేసింది.

"ఎన్నిసార్లు చేయాలమ్మా మీకు?" అంది డాక్టరమ్మ. "ఇద్దరం ఒకరికొకరం చేసుకుంటున్నట్టున్నాం. మిమ్మల్నే తీసుకున్నాం. మూడేళ్ళకి. ఒకటో తారీకు నుంచి రాగలరా?"

"వస్తాను మేడమ్."

"ఒక మాట. హాస్పిటల్ భవనంలో జీవాల్ని ఉంచనివ్వరు. నత్తల్ని ఎక్కడ పెట్టుకుంటారో చూసుకోండి."

"చూసుకుంటాను మేడమ్," అంది. ఫోన్ పెట్టేశాక అక్కడే మెట్టు మీద కూలబడింది. ఎవరో ఆగి "ఏమైందండీ, నీళ్ళు కావాలా?" అని అడిగారు. వద్దని తల ఊపింది. ఎన్నాళ్ళుగానో బిగబట్టుకున్న ఊపిరి ఇప్పుడు వదులుతున్నట్టుంది. మొగుడికి చేసింది. అతను ఏ లిఫ్టు గుంటలోనో ఉన్నాడు, మాట ముక్కలు ముక్కలుగా వినపడింది. "వచ్చింది!" అని ఒక్కటే మాట పదే పదే అరిచింది. అతనికి అర్థమైంది. ఇంటికి చేస్తే అత్తమ్మ వేసిన కేకకి ఫోన్ చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది.

నత్తలకి చోటు చేపల పిల్లే ఇచ్చింది. చేపల గదిలో చల్లగా, తడిగా ఒక మూల ఉంది. మర్నాడు ఇద్దరూ కలిసి తొట్లు మోశారు. రెండో విడతలో ఆ పిల్ల వరండా మధ్యలో ఆగిపోయింది.

"అక్కా, ఆ రోజు లోపల మీరేమన్నారో ఆ పెద్ద మేడమ్ నాకు చెప్పింది."

"తొట్టి వంచకు, నీళ్ళు కారుతున్నాయి," అంది నత్తమ్మ.

తొట్లన్నీ సర్ది, మూతలు సరిచూసుకుని, పాత గది తాళం ఆఫీసులో ఇచ్చేసి, మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చింది. ఒకటో తారీకు దాకా చేయాల్సిన పనేమీ లేదు. కాస్త నడుం వాలుద్దామని పడుకుంది. ఉద్యోగం గడువెప్పుడో లెక్క వేసుకోకుండా ఆమె కళ్ళు మూసుకుని ఎన్నేళ్ళయిందో. మొగుడు వచ్చి కిటికీ తెర వేసినా తెలియలేదు. సాయంత్రం పక్కింటావిడ అభినందించడానికి వస్తే అత్తమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"పడుకుంది. రేపు రా," అంది.